టెక్సస్‌లో బడికి ఒకే అక్షరం: సబబేనా?

కొత్తిల్లు:
ఫ్రిస్కో వైపు ఇల్లు వెతుకుతున్నాం. ఏజెంటు వంటగది తలుపు తీయకముందే "ఇక్కడి బడికి 'ఏ' వచ్చిందండీ" అన్నాడు. ప్రతి ప్రభుత్వ బడికీ, ఒక ప్రాంతంలోని ఆ బడులన్నిటినీ నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకీ 'ఏ' నుంచి 'ఎఫ్' వరకు గ్రేడు ఇవ్వాలని 2017లో ఇక్కడి శాసనసభ హౌస్ బిల్లు 22 తెచ్చింది. నాలాంటి కొత్తవాడికి ఇంతకన్నా ఏం కావాలి? దీనిమీద కోర్టుల దాకా ఎందుకు వెళ్లారో అర్థం కావడం లేదు.

పంతులమ్మ:
ఆ అక్షరం మీకు ఇంటి ధర మాత్రమేనండీ. 2015 చట్టం ప్రకారం ఒక్క బడి వరుసగా ఐదేళ్లు తప్పితే దాన్ని మూసేయాలి, లేదా డిస్ట్రిక్టు బోర్డు మొత్తాన్ని పక్కనపెట్టి రాష్ట్రం తన మనుషులను కూర్చోబెట్టాలి. 2023 జూన్‌లో హ్యూస్టన్‌లో అదే చేశారు. చూపిన కారణం వీట్లీ హైస్కూలు. ఆ ముందు ఏడాదే వీట్లీకి 'సి' వచ్చింది! జనం ఓట్లేసి గెలిపించిన బోర్డు మాత్రం పోయింది.

నా తరగతిలో నవంబరులో ఒక పిల్లవాడు చేరాడు. ఆంగ్లంలో తన పేరు తప్ప ఏమీ రాయలేడు. మే నెలకు పేరా చదివాడు. గ్రేడుకు లెక్కేసే రాష్ట్ర పరీక్ష ఏప్రిల్‌లోనే అయిపోయింది.

లెక్కల మాస్టారు:
అమ్మా, ఎదుగుదలకు లెక్కలో చోటు లేదనకండి. మార్కుల స్థాయి, ప్రగతి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే 70 శాతం బరువు. వర్గాల మధ్య అంతరాలు తగ్గించినందుకు మిగతా 30. ఒక బడికి స్థాయి 72, ప్రగతి 86, అంతరాలు 75 అనుకుందాం. ప్రగతిని తీసుకుంటే మొత్తం 83, అంటే 'బి'. స్థాయినే పట్టుకుంటే 73, 'సి'. పేద పిల్లల బడులకు ఇది చిన్న మేలు కాదు.

పంతులమ్మ:
సూత్రంతో నాకు పేచీ లేదు మాస్టారూ, గీత జరపడంతోనే. కాలేజీకో, ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధమైన విద్యార్థులు 60 శాతం ఉంటే ఆ అంశంలో 'ఏ' ఇచ్చేవారు. 2023 గ్రేడుల్లో దాన్ని 88 చేశారు. లెక్కలోకి తీసుకున్నది 2022లోనే బడి వదిలి వెళ్లిన పిల్లలను! పేపర్లు దిద్దేశాక పాసు మార్కు పెంచడం కాదా ఇది? వందకు పైగా డిస్ట్రిక్టులు దావా వేశాయి. 2023 గ్రేడులు బయటికి వచ్చేసరికి 2025 ఏప్రిల్ అయింది.

లెక్కల మాస్టారు:
అది తప్పే, ఒప్పుకుంటాను. గీత పెంచాలంటే తొమ్మిదో తరగతిలో చేరే రోజునే చెప్పాలి. కానీ దావాల పేరుతో తల్లిదండ్రులను రెండేళ్లు చీకట్లో ఉంచడమూ నాకు నచ్చలేదు.

కొత్తిల్లు:
ఇంతకీ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు (అక్రెడిటేషన్) అంటారే, అదీ ఈ అక్షరమేనా?

లెక్కల మాస్టారు:
కాదండీ. గుర్తింపు డిస్ట్రిక్టుకు ఇస్తారు, బడికి కాదు. చదువుల గ్రేడుతోపాటు డబ్బు లెక్కలూ చూస్తారు. మొదట హెచ్చరిక, తర్వాత ప్రొబేషన్, చివరికి రద్దు. నార్త్ ఫారెస్ట్ డిస్ట్రిక్టు అలాగే పోయి 2013లో హ్యూస్టన్‌లో కలిసిపోయింది.

కొత్తిల్లు:
సరే, ఆ 'ఏ' స్థాయి వల్ల వచ్చిందా, ప్రగతి వల్లనా అని శనివారం ఏజెంటునే అడుగుతాను. మళ్లీ వంటగదిలోకి తీసుకెళ్తాడేమో.