పాలిపోవడం అంటే తెల్లబడటమా, పచ్చబడటమా?

అక్షరాలపొద:
‘కామెర్లు ముదిరి ఒళ్లు పాలిపోయింది’ అని ఆరోగ్య శీర్షికల్లో తెగ రాస్తున్నారు. ఇది తప్పు వాడుక. నెత్తురు తగ్గితే పాలిపోతారు, కామెర్లొస్తే పచ్చబడతారు. కాదంటారా?

పాతనిఘంటువు:
అంత గిరి గీయక్కర్లేదండి. ఏ రంగు వచ్చిందన్నది కాదు, ఉన్న కళ పోయిందన్నదే ఆ మాటలో అసలు సంగతి. ‘పాండు’ చూడండి, తెలుపూ పసుపూ కలిసిన రంగది. వ్యాసుణ్ణి చూసి అంబాలిక వెలవెలబోతే పుట్టినవాడు పాండురాజు. చరకుడు కూడా ఒళ్లు పాలిపోయే పాండురోగాన్నీ, కామిలనూ (అంటే కామెర్లనూ) ఒకే అధ్యాయంలో చెప్పాడు. పాండురోగి పైత్యం చేసేవి తింటే కామిల వస్తుందన్నాడు.

నాడి:
ఒకే అధ్యాయంలో చెప్పినా పేర్లు రెండు పెట్టాడు కదా! రోగిని చూసేచోట ఈ తేడా చాలా అవసరం. పాలిపోవడాన్ని కింది రెప్ప లోపల, నాలుక మీద, గోళ్లలో, అరచేతిలో చూస్తారు. చామనఛాయ మనుషుల్లో ముఖాన్ని నమ్మలేం. పిల్లల అరచేయి చూసేటప్పుడు వేళ్లను వెనక్కి వంచకూడదు. వంచితే నెత్తురు ఆగి, బాగున్న చేయి కూడా తెల్లగా కనబడుతుంది. పక్కన మన అరచేయి పెట్టి పోల్చుకోవాలి. అనుమానముంటే హిమోగ్లోబిన్ పరీక్షే దారి: గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాముల లోపుంటే రక్తహీనత. కామెర్లకైతే కంటి తెల్లగుడ్డు చూడాలి, అదీ పగటి వెలుతురులో. పసుపు బల్బు కింద చూస్తే ఏమీ తేలదు.

మెట్టసేద్యం:
పొలంలో మాత్రం పాతనిఘంటువు గారి మాటే చెల్లుతుంది. ‘చేను పాలిపోయింది’ అంటే పచ్చదనం తగ్గిందని, అంతే. అందుకే వినగానే ‘లేతాకులా, ముదురాకులా?’ అని అడగాలి. అడుగు ఆకులు ముందు పాలిపోతే నత్రజని లోపం. సున్నపు నేలల్లో వేరుశనగ లేతాకులు పసుపు తిరిగి, ఆనక కాగితంలా తెల్లబారితే ఇనుము లోపం. దానికి యూరియా చల్లితే డబ్బు దండగ. ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), 200 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి. నిమ్మఉప్పు మానేస్తే అన్నభేది నీళ్లలోనే తుప్పురంగు తిరుగుతుంది, ఆకుకు అందదు.

అక్షరాలపొద:
పైరుకు ఒప్పుకుంటాను. మనిషికి ఒప్పుకోను. భయంతో ముఖం పాలిపోయిందంటే పసుపెక్కిందని ఎవరైనా అనుకుంటారా?

పాతనిఘంటువు:
అనుకోరు లెండి. కానీ అక్కడ ‘తెల్లబోయాడు’ అని వేస్తే అదీ కుదరదు. తెల్లబోవడం బిత్తరపోవడానికి, పాలిపోవడం నెత్తురుచుక్క లేకపోవడానికి. గుడ్డకైతే ఈ రెండూ కాదు, ‘వెలిసింది’ అనాలి.

నాడి:
ఆరోగ్య శీర్షికలు రాసేవాళ్లు ‘కళ్లు పచ్చబడ్డాయి’, ‘రెప్పల లోపల పాలిపోయింది’ అని చోటు చెప్పి రాస్తే చాలు. ‘ఒళ్లు పాలిపోయింది’ అని వదిలేస్తేనే తంటా. కామెర్లవాడు ఇనుము మాత్రలు కొనుక్కుంటాడు.