పల్లాకు తెగులులో పచ్చగా నిలిచిన మినుము మొక్కలను విత్తనానికి ఉంచుకోవచ్చునా?

ప్రశ్న: కోనసీమ రైతు

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గరి పల్లె. మా భూములు కాలువ చివరన ఉండడం వల్ల దాళ్వాకు (రెండో పంటకు) నీరు ఏటా అందదు కనుక, సార్వాలో (తొలి పంటలో) వేసిన స్వర్ణ వరి కోతకు వచ్చే ముందు, నేలలో పదును ఆరకముందే, నిలిచి ఉన్న చేలో మినుము వెదజల్లుకుంటాము. నాలుగేళ్ల క్రితం బంధువుల దగ్గర పీయూ 31 రకం మినుము విత్తనం తెచ్చి వేశాను. అప్పటి నుంచి బయట కొనకుండా, నా కళ్లంలో పండిన గింజలనే ఎండబెట్టి మరుసటి ఏటికి దాచుకుంటున్నాను. మొదటి రెండేళ్లు చుట్టుపక్కల చేలు పల్లాకు తెగులుతో పసుపు తిరిగినా నా చేను పచ్చగా నిలిచింది. మూడో ఏట అక్కడక్కడ పసుపు మొక్కలు కనిపించాయి. ఈ ఏడు పూత దశకు వచ్చేసరికి సుమారు పదింట ఒక మొక్క పసుపు తిరిగింది.

నా సందేహాలు రెండు. ఒకే విత్తనాన్ని ఏళ్ల తరబడి వాడితే తెగులును తట్టుకునే గుణం అరిగిపోతుందా? పసుపు మొక్కల మధ్య పచ్చగా, నిండుగా కాసిన మొక్కలను ఏరి, వాటి గింజలనే విత్తనానికి ఉంచుకుంటే ఇప్పుడున్న దానికంటే మేలైన విత్తనం తయారవుతుందా? మరొక మాట కూడా ఉంది, దీనితో సంబంధం ఉందో లేదో మీరే చెప్పాలి. మొన్న గారెలకు పప్పు నానబోయబోతూ మా అమ్మగారు, ఈ ఏటి మినుముల్లో నిగనిగలాడే గింజలు ఎక్కువయ్యాయని అన్నారు.

సమాధానం: విశ్రాంత ఆచార్యులు, మొక్కల ప్రజనన శాస్త్రం

రైతు గారూ, మీ మొదటి సందేహానికి సగం సమాధానం మీ అమ్మగారి మాటలోనే ఉంది.

మినుములో పువ్వు విచ్చుకోకముందే, మొగ్గ లోపలే పుప్పొడి రాలి కీలాగ్రాన్ని చేరుతుంది. తల్లీ తండ్రీ దాదాపు ఎప్పుడూ ఒకే మొక్క కావడం వల్ల, శుద్ధమైన రకం ఎన్ని తరాలు వేసినా తన గుణాలనే తిరిగి ఇస్తుంది. వాడుతున్న కొద్దీ అరిగిపోయే శక్తి ఏదీ దానిలో లేదు. కాబట్టి మీ చేను మారిందంటే, ఆ గింజలలోకి వేరే రకం వచ్చి చేరిందా అన్నది ముందుగా చూడాలి. పీయూ 31 పంత్‌నగర్‌లో రూపొందిన సాదా రకం, దాని గింజకు మెరుపు ఉండదు. మన ప్రాంతంలో విస్తారంగా వేసిన ఎల్‌బీజీ 752 పాలిష్ రకం, అంటే గింజ నిగనిగలాడేది, అది పల్లాకు తెగులుకు లొంగిపోతుంది. గింజ పైపొర తల్లి మొక్క కణజాలంతో ఏర్పడేది కనుక ఒక మొక్కకు కాసిన గింజలన్నీ ఒకే తీరుగా, సాదాగానో నిగనిగలాడుతూనో ఉంటాయి. అంటే మీ రాశిలో నిగనిగలాడే గింజలు ఉన్నాయంటే, నిగనిగలాడే గింజలు కాసే మొక్కలు మీ చేలో నిలబడి ఉన్నాయనే అర్థం.

తెగులు సోకిన మొక్కలు సరిగా కాయవు కదా, కల్తీ ఏటేటా తగ్గాలి కానీ ఎందుకు పెరిగింది అని మీకు అనిపించవచ్చు. ఈ తెగులును మొక్క నుంచి మొక్కకు మోసే తెల్లదోమ తక్కువగా ఉన్న ఏడాదిలో ఆ లొంగిపోయే రకమూ బాగానే కాసి ఉంటుంది. అది కాక, నూర్పిడి దగ్గరా బస్తాల దగ్గరా ప్రతి ఏడూ కొత్తగా కలుస్తూ ఉండవచ్చు.

మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. కోతకు ముందు పసుపు తిరిగిన మొక్కలను కొన్నింటిని విడిగా పీకి, ఒక్కొక్క దాని కాయలు ఒలిచి గింజ సాదాదా, పాలిష్‌దా చూసి లెక్క రాసుకోండి. చాలావరకు పాలిష్ అయితే అది కల్తీయే. సాదా గింజల మొక్కలు కూడా పసుపు తిరిగి ఉంటే, విషయం మరికొంత లోతైనది.

ఇక మీ రెండో సందేహం. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ జొహాన్సెన్ 1903లో ప్రకటించిన ప్రయోగం మీ ప్రశ్నకు సూటిగా వర్తిస్తుంది. ఆయన చేసింది కూడా పప్పుజాతి పంట మీదే, చిక్కుడు జాతికి చెందిన ఫ్రెంచి బీన్స్ మీద. సంతలో దొరికే బీన్స్ రాశిలోంచి ఆయన 19 శుద్ధ వరుసలను, అంటే ఒక్కొక్కటి ఒకే మొక్క నుంచి వచ్చిన సంతతిని, వేరు చేశారు. వరుసకూ వరుసకూ మధ్య గింజ బరువులో నికరమైన తేడా కనిపించింది కానీ, ఒకే వరుస లోపల బరువైన గింజలను ఎన్ని తరాలు ఏరి వేసినా సంతతి బరువు పెరగలేదు. వరుస లోపలి తేడా నేలా నీరూ ఎండా తెచ్చినదే కాని జన్యువులు తెచ్చినది కాదు. 1909లో ‘జీన్’ అనే మాటను వాడుకలోకి తెచ్చినది కూడా ఆయనే. మీ విషయానికి వస్తే, పచ్చగా ఉన్న మొక్కలను ఏరడం వల్ల కల్తీ పోయి మీ పీయూ 31 మళ్లీ శుభ్రపడుతుంది. అంతకు మించి కొత్త గుణం రావాలంటే, ఏరే చోట జన్యుపరమైన తేడా ముందే ఉండి తీరాలి.

సమాధానం: ఆచంట వైపు రైతు

ఆచార్యుల వారి మాటను కాదనను కానీ, నేలను కూడా చూడాలని నా మనవి. మా వైపు వరిని మిషన్‌తో కోయించడం మొదలయ్యాక, చేతి కోత నాటిలా నిలిచిన చేలో ముందుగా చల్లుకోవడం కష్టమైపోయింది. మిషన్ చక్రాల కింద మొలక నలిగిపోతుంది. అందుకని కోత అయ్యాక చల్లుతున్నాము, దానితో విత్తే అదను డిసెంబరు చివరికి జరిగిపోతోంది. అలా ఆలస్యమైన చేను పూతకు వచ్చే వేళకు ఎండ ముదిరి తెల్లదోమ పెరుగుతుంది. రకం ఒకటే అయినా ముందు వేసిన చేనూ వెనుక వేసిన చేనూ ఒకలా ఉండకపోవడం నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను.

నూర్పిడి మిషన్ మాటకు వస్తే, అది పది మంది కళ్లాలు తిరిగి మన కళ్లానికి వస్తుంది. విత్తనానికి ఉంచుకునే నాలుగు సెంట్ల పంటను మేము కర్రలతోనే కొట్టి విడిగా దాచుకుంటాము. బయటి గింజలతో బంగారు తీగ (పంటను చుట్టుకుని పీల్చే కలుపు) విత్తనం కూడా వస్తుంది, అది ఒకసారి చేలో పడితే వదిలించుకోవడం ఎంత కష్టమో ఇక్కడి వారికి చెప్పనక్కర లేదు. నాకూ ఒక సందేహం ఉంది. దాళ్వాలో మేము వేసే మొక్కజొన్నకు ఇన్ని హైబ్రిడ్‌లు ఉండగా మినుముకు ఒక్కటీ ఎందుకు లేదు?

సమాధానం: పరిశోధక విద్యార్థిని

ఆచంట రైతు గారికి: మినుములో సంకరణ చేయాలంటే మరుసటి ఉదయం విచ్చుకోబోయే మొగ్గను ముందు సాయంత్రమే ఎంచుకుని, సన్నని శ్రావణంతో రేకులు విప్పి, పుప్పొడి రాలకముందే పది కేసరాలనూ తీసివేసి, తెల్లవారాక తండ్రి మొక్క పుప్పొడిని అద్దాలి. అంత నాజూకైన పువ్వు చేయి తగిలితేనే రాలిపోతుంది. అద్దిన వాటిలో చాలా మొగ్గలు కాయ కట్టవు, కట్టినా ఒక కాయలో నాలుగైదు గింజలకు మించి రావు. ఎకరానికి పదహారు నుంచి పద్దెనిమిది కిలోలు చల్లే మాగాణి పంటకు ఆ విధంగా విత్తనం తయారు చేయడం అసాధ్యం. కంది పువ్వు మీద తేనెటీగలు వాలి పుప్పొడిని మోస్తాయి కనుకనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పుప్పొడి లేని తల్లి వరుసలను ఉపయోగించి ఐసీపీహెచ్ 2671 వంటి హైబ్రిడ్ కందిని తేగలిగారు.

మినుములో సంకరణ ఫలం హైబ్రిడ్ విత్తనం కాదు, దాని నుంచి ఏర్చి తీసే స్థిరమైన రకం. తెగులును తట్టుకునే గుణం ఒకే అంతర్గత జన్యువు (తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే గుణం బయటపడేది) వల్ల వచ్చే సంకరణను ఉదాహరణగా తీసుకుంటే, మొదటి తరం మొక్కలన్నీ పసుపు తిరుగుతాయి, రెండో తరంలో నాలుగింట ఒకటి పచ్చగా నిలుస్తుంది. కొన్ని సంకరణలలో రెండు జన్యువులు కలిసి పని చేస్తాయి, మరికొన్నింటిలో ఆ గుణం బహిర్గతంగా, అంటే ఒక్కరి నుంచి వచ్చినా, కనిపిస్తుంది. కాబట్టి అన్నిటికీ ఒకే నిష్పత్తి చెప్పలేము. మిశ్రమంగా ఉన్న జన్యుజతలు తరానికి సగం చొప్పున తగ్గుతాయి కనుక ఆరో తరానికి నూటికి మూడు మాత్రమే మిగులుతాయి, అప్పటికి వరుస స్థిరపడుతుంది.

ఒక గుణాన్ని సాధిస్తే అన్నీ సాధించినట్లు కాదని చెప్పడానికి గుంటూరు దగ్గరి మన లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 17 కంటే మంచి ఉదాహరణ లేదు. ‘కృష్ణయ్య’గా రైతులకు తెలిసిన ఆ రకం బూడిద తెగులును తట్టుకోవడం వల్లనే, మంచు కురిసే పుష్య మాసంలో మాగాణి మినుము నిలదొక్కుకుంది. అదే రకం తరువాత పల్లాకు తెగులుకు లొంగిపోయింది. ఆ లోటు తీర్చడానికే ఎల్‌బీజీ 787, తిరుపతి నుంచి టీబీజీ 104, ఘంటసాల నుంచి జీబీజీ 1 వచ్చాయి.

పల్లాకు తెగులును కలిగించే వైరస్ కూడా ఒక్కటి కాదు. ఉత్తరాదిలో ప్రధానంగా ఉండేది ఒక జాతి, దక్షిణాదిలో ఎక్కువగా ఉండేది మరొక జాతి. ఒక చోట పచ్చగా నిలిచిన రకాన్ని మరొక చోట పరీక్షించకుండా నమ్మకూడదని మాకు చెప్పే మొదటి పాఠం ఇదే.

తిరిగి కోనసీమ రైతు

ఆచార్యుల వారు చెప్పినట్లు నలభై పసుపు మొక్కలు పీకి, మా అమ్మగారూ నేనూ కూర్చుని కాయలు ఒలిచి చూశాము. ముప్పై ఒకటి పాలిష్ గింజలవి, తొమ్మిది సాదావి. నిరుడు మిషన్ నూర్పిడికి ముందు మా వాటాదారు చేను నూర్చారు, ఆయన వేసింది ఎల్‌బీజీ 752. ఆ తొమ్మిది మొక్కలను ఏమనుకోవాలి? శుభ్రం చేసిన విత్తనాన్ని ఊళ్లో వాళ్లకు ఇవ్వడానికి అభ్యంతరం ఏమైనా ఉందా?

సమాధానం: విశ్రాంత ఆచార్యులు

ఎంతో ఓపికగా చేశారు, సంతోషం. ఆ తొమ్మిది మొక్కలు మరొక సాదా రకానివి కావచ్చు, ఏ తేనెటీగ వల్లనో అరుదుగా జరిగిన సంకరణ సంతతి కావచ్చు, తెల్లదోమ విపరీతంగా ఉన్న చోట పీయూ 31కే కొంత తెగులు సోకి ఉండవచ్చు. కంటితో చూసి తేల్చలేము, వాటి సంతతిని చూడాలి.

ఈ కోతలో పచ్చగా ఉండి, సాదా గింజ కాసిన మొక్కలను ఒక వంద ఎంచుకుని, ఏ మొక్క గింజలు ఆ పొట్లంలోనే కట్టి ఉంచండి. పచ్చగా ఉన్న ప్రతి మొక్కా తట్టుకున్న మొక్క కాదు. దోమ వాలనందువల్ల తప్పించుకున్నవీ వాటిలో ఉంటాయి. నీటి వసతి ఉన్న చిన్న మడిలో, ఫిబ్రవరిలో దోమ ఎక్కువగా ఉండే అదనులో, ఒక్కొక్క పొట్లాన్ని ఒక్కొక్క సాలుగా వేసి, ప్రతి అయిదారు సాళ్లకు ఒక సాలు ఎల్‌బీజీ 752 వేయండి. అది తెగులును పిలిచి పక్క సాళ్లకు పరీక్ష పెడుతుంది. మందు కొట్టకండి. పసుపు మొక్క ఒక్కటి కనిపించినా ఆ సాలును మొత్తం వదిలివేయండి, మిగిలిన సాళ్లను కలిపి విత్తనం కట్టుకోండి. వేరే మినుము చేనుకు కనీసం 5 మీటర్ల ఎడం ఉండాలి, మొగ్గ దశ నుంచే కేళీలను (వేరే రకం మొక్కలను) ఏరుతూ ఉండాలి.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మీరు పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. ఈ లోపు వచ్చే డిసెంబరు పంటకు మాత్రం నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరించిన విత్తనం కొనుక్కోండి. సాళ్లలో నిలిచిన విత్తనం మీ ఎకరాలన్నిటికీ సరిపడా కావాలంటే మరొక పంట కాలం పడుతుంది.