ఆటో స్టార్టర్లు పీకేయాల్సిందేనా?

పలమనేరు టమాటా రైతు
మా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు బోర్లున్నాయి, అన్నీ 5 హెచ్‌పీ. ఎండాకాలంలో అది కాలిపోయింది. కొత్తది పెట్టేలోపు తోట వాడిపోయింది. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ల వల్లే ఇదంతా, తీసేయండని లైన్‌మన్ అంటున్నాడు. మా లైన్లో త్రీఫేజు పగలే వస్తుంది గానీ మధ్యమధ్యలో పోతుంటుంది. పోయి వచ్చినప్పుడల్లా బోరు దగ్గరికి ఎవరు పరిగెత్తాలి?

చంద్రగిరి వైండర్
లైన్‌మన్ మాటలో నిజం ఉంది తమ్ముడూ. 25 కేవీఏ అంటే ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు దాదాపు 8 తీసుకుంటుంది, నాలుగింటికి 32. అంతవరకు బాగానే ఉంది. కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో ఒక్కోటి ఆరు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే నాలుగూ ఒకేసారి లేస్తే 190 దాటుతుంది. 415 వోల్టులు ఉండాల్సిన చోట 330కి పడిందనుకో, మోటారు తిప్పే బలం మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఆ బలం వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి తగ్గుతుంది మరి. స్పీడు అందుకోలేక, ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది. మోటారు విప్పితే మూడు ఫేజుల కాయిల్సూ నల్లగా కనిపించేది ఇలాంటప్పుడే. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు మాడి ఒకటి బాగుంటే మాత్రం అది ఫేజు పోయి కాలిన మోటారు.

కుప్పం రైతు
అన్నా, రాత్రి కరెంటు రోజులు మర్చిపోయారా? టార్చి పట్టుకుని, పాములకు భయపడుతూ, తడి చేత్తో ఎర్తింగ్ లేని స్టార్టర్ డబ్బా నొక్కేవాళ్లం. మళ్లీ ఆ రోజులు మాకొద్దు. తీసేయమనేవాళ్లు ముందు కోత లేకుండా కరెంటు ఇవ్వాలి.

తిరుపతి, ఎలక్ట్రికల్ డిప్లొమా
తీసేయాల్సిన పనే లేదు. ఇబ్బంది అంతా నాలుగూ ఒకే సెకనులో లేవడం వల్ల. ప్రతి స్టార్టర్‌కు ఆన్ డిలే టైమర్, అంటే కరెంటు వచ్చాక కాసేపు ఆగి మోటారును లేపేది, పెట్టించండి. ఒకటి 20 సెకన్లకు, తర్వాతిది 40కి, అలా 80 వరకు. సబ్‌మెర్సిబుల్ మోటారు రెండు మూడు సెకన్లలోనే స్పీడు అందుకుంటుంది కాబట్టి 20 సెకన్ల తేడా చాలు. ఇంకో లాభం కూడా ఉంది. నీళ్లు వెనక్కి దిగకుండా ఆపే వాల్వు (ఎన్ఆర్‌వీ) పాడైన బోర్లలో కరెంటు పోగానే పైపులోని నీళ్లు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతాయి. అది తిరుగుతుండగానే స్టార్ట్ అయితే షాఫ్టుకు దెబ్బ. టైమర్ ఉంటే అది ఆగడానికి కాస్త సమయం దొరుకుతుంది.

కుప్పం రైతు
కెపాసిటర్ పెడితే సరిపోదా?

తిరుపతి, ఎలక్ట్రికల్ డిప్లొమా
పెట్టండి, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు) చాలు. నడిచేటప్పుడు లైన్ మీద కరెంటు తగ్గుతుంది. స్టార్టింగ్ దెబ్బకు అది మందు కాదు.

చంద్రగిరి వైండర్
టైమర్ మంచిదే, కాదనను. కానీ ముందు నీళ్లు తనకే కావాలని ఎవడో ఒకడు దాన్ని సున్నాకు తిప్పేస్తాడు. వాడిని చూసి పక్కవాడూ అంతే. పైగా మన వైపు వెయ్యి అడుగుల బోర్లు, నీళ్లు తక్కువ. సబ్‌మెర్సిబుల్ తన చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడాలి. నీళ్లు లేని బోరులో, మనిషి లేని చేనులో ఆటో మోటారును తిప్పుతూనే ఉంటుంది. ఇక వైండింగ్ ఏం మిగులుతుంది? నీళ్లు లేకపోతే మోటారును ఆపే డ్రై రన్ ప్రివెంటరు, ఒక ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు రెండూ లేకపోతే ఆటో వద్దనే చెబుతాను.

పలమనేరు టమాటా రైతు
ఆ రెండూ పెట్టించుకుంటాం. 80 సెకన్ల వంతు నేనే తీసుకుంటానని మావాళ్లకు చెప్పాను, ఒప్పుకున్నారు.

చంద్రగిరి వైండర్
సంతోషం. అయితే నాలుగూ నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టించి చూడండి. 40 ఆంపియర్లు చూపిస్తే ఎవరో ఐదో మోటారు తగిలించినట్టే. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి లోపల కాయిల్ వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దానికి మీ టైమర్లు పనిచేయవు. 63 కేవీఏకు అర్జీ పెట్టాలి, లేదా ఆ మోటారు తీయించాలి.