అప్‌డేట్: ఇంటి కప్పులు కాదు, పొయ్యిలు లెక్కపెట్టాలి

ఖాళీ చేయించబోయే బస్తీకి ఎన్ని ఇళ్లు కావాలో మ్యాప్‌తో ఎలా తేల్చాలని ముందు అడిగాను. లెక్క ఎక్కడ తప్పుతోందో దొరికింది. ఉపగ్రహ చిత్రంలో కనిపించేది ఒకే రేకుల కప్పు. దాని కింద మూడు పొయ్యిలుంటే మూడు కుటుంబాలున్నట్టు. అందుకే ఇంటికో నంబరు, పొయ్యికో అక్షరం: 14ఎ, 14బి, 14సి.

ఇరుకు సందుల్లో ఫోన్ జీపీఎస్ 5-10 మీటర్లు పక్కకు చూపిస్తుంది, అంటే రెండు మూడిళ్ల తేడా. అందుకే ఒక్కో ఇంటిని చూపించే చుక్కని మ్యాప్ ప్రింటు మీద చేత్తోనే పెట్టాలి.

అద్దెకున్నవాళ్ల సంగతి యజమానినొక్కణ్ణే అడగొద్దు, చాలాసార్లు దాచేస్తారు. కుళాయి దగ్గర ఆడవాళ్లని అడగండి. లెక్కలోకి రాని అద్దెదారుకే ఇల్లు దక్కకుండా పోయేది, నా బాధంతా అదే.

పేర్లు మ్యాప్‌కి ఎక్కించొద్దు. పేర్లు రాసిన పుస్తకం బస్తీ కమిటీ దగ్గరే ఉండాలి.