‘రిచ్’, ‘లీన్’ మిశ్రమాలను తెలుగులో ఏమందాం?

ప్రశ్న (ఐటీఐ అధ్యాపకుడు):

అందరికీ నమస్కారం. మోటారు మెకానిక్ విద్యార్థులకు పాఠాలు చెబుతుంటాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపుగా ఇంజెక్షన్‌కు మారిపోయాయి. కానీ అంతకుముందు అమ్ముడైన కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) బళ్లు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి, రేపు వాటిని బాగుచేయాల్సింది ఈ పిల్లలే. అందుకే పాత 350 సీసీ బుల్లెట్‌ను తీసుకుని తెలుగులో ఒక చిన్న కరదీపిక రాస్తున్నాను. ‘రిచ్ మిక్స్చర్’ (పెట్రోలు పాలు ఎక్కువైనది), ‘లీన్ మిక్స్చర్’ (గాలి పాలు ఎక్కువైనది) దగ్గర కలం ఆగింది. ఒక పాత నోట్సులో ‘సంపన్న మిశ్రమం’, ‘పేద మిశ్రమం’ అని కనిపించింది. తరగతిలో చదివి వినిపిస్తే పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. పెట్రోలు, గాలి పాళ్లు తప్పినప్పుడు చెప్పడానికి మనకు సహజమైన మాట ఏది?

రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు:

మాస్టారూ, మా పాఠ్యపుస్తకాల్లో గాఢ ఆమ్లం, విలీన ఆమ్లం అని ఉంటాయి. ఆ లెక్కన గాఢ మిశ్రమం, విలీన మిశ్రమం అనవచ్చు. పదో తరగతి దాటిన పిల్లలకు ఈ జంట కొత్త కాదు. సంపన్న, పేద మాత్రం వద్దు. ఇంగ్లీషు మాటకు డబ్బు అర్థమే తీసుకుని చేసిన అనువాదమది.

తెలుగు పదాల మీద ఆసక్తి ఉన్న సభ్యుడు:

మేడం గారి జంటలో తప్పేమీ లేదు. అయితే నా మనసు చిక్కన, పలుచన మీద ఉంది. అవి పాలకూ మజ్జిగకూ ఇంట్లో వాడే మాటలు కాబట్టి తేలికగా ఉంటాయన్నది పైకి కనిపించే కారణం. అసలు కారణం అవి ఇచ్చే క్రియలు. చిక్కబడటం, చిక్కబరచడం, పలచబడటం, పలచబరచడం అన్నీ మాట వెంటే వస్తాయి. కార్బొరేటర్ సర్దడమంటే ఆ రెండిటి మధ్య ఇటూ అటూ జరగడమే. ‘స్క్రూ బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది’ అన్నది నాలుక తిరిగే వాక్యం. ‘స్క్రూ బిగిస్తే మిశ్రమం సంపన్నమవుతుంది’ అని ఏ షెడ్డులోనూ ఎవరూ అనరు. ‘విలీనమవుతుంది’ అంటే ఇంకో చిక్కు: అది రెండు బ్యాంకులు కలిసిపోవడానికి వాడుతున్న మాట.

ఒక జాగ్రత్త మాత్రం పాఠంలో చెప్పి తీరాలి. చిక్కని పాలంటే నీళ్లు తక్కువగా ఉన్నవి, కానీ చిక్కిన మనిషి అంటే సన్నబడినవాడు. ‘జ్వరం వచ్చి చిక్కిపోయాడు’ అంటాం కదా! అంటే ‘చిక్కిన మిశ్రమం’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. ‘చిక్కని’, ‘చిక్కబడిన’ అనే రూపాలే వాడాలి, ‘చిక్కిన’ పొరపాటున కూడా రాకూడదు. ‘పలుచన’కూ ఇంకో నీడ ఉంది (‘నలుగురిలో పలుచనైపోయాడు’), కానీ ఇంజిన్ దగ్గర దానివల్ల ఇబ్బంది రాదు.

ఇంకొకటి. ‘మిశ్రమం’ అంటే ఏది దేనితో కలిసిందో మొదటి పేజీలోనే చెప్పండి. పాత చేతక్, యెజ్డీ బళ్లు నడిపిన ఇళ్లలో మిశ్రమం అనగానే పెట్రోలులో కలిపే ఆయిలే గుర్తొస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే సభ్యుడు:

మాస్టారూ, షెడ్డులో మేము ఈ మాటలేవీ వాడం. ‘పెట్రోలు ఎక్కువ పడుతోంది’ అంటాం, లేదా ‘గాలి ఎక్కువ లాగుతోంది’ అంటాం. అలా అంటే తప్పు ఎక్కడుందో ఆ మాటే చెబుతుంది. పెట్రోలు ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ వేసినది వేసినట్టే ఉండిపోయిందా, ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) పెరిగిందా అని చూస్తాం. గాలి ఎక్కువైతే కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య బిగింపు వదులైందా, అక్కడి రబ్బరు పగిలిందా, స్లో జెట్టులో (బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో) చెత్త చేరిందా అని చూస్తాం. ఇవేవీ చూడకుండా స్క్రూ తిప్పేవాడు పనివాడు కాదు. ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పండి.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు:

అన్నగారి మాట విలువైనదే, కాని అందులో చిన్న లోపం ఉంది. స్లో జెట్టు మూసుకుపోయినప్పుడు గాలి పెరగదు, పెట్రోలు తగ్గుతుంది. ‘గాలి ఎక్కువ లాగుతోంది’ అనే మాట నమ్ముకుంటే పిల్లవాడు గాలి చొరబడే సందు కోసం వెతుకుతూ కూర్చుంటాడు. మనకు కావలసింది నిష్పత్తిని చెప్పే మాట. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి! ఆ 14.7 తగ్గితే చిక్కన, పెరిగితే పలుచన. తగ్గింది పెట్రోలా, పెరిగింది గాలా అన్నది తరువాతి ప్రశ్న. అలా ఆలోచిస్తే నేనూ గాఢ, విలీనలను వదులుకుని చిక్కన, పలుచనలకే వస్తున్నాను.

పదాల సభ్యుడు:

ధన్యవాదాలు మేడం. మీ మాటతో లదాఖ్ వెళ్లే బుల్లెట్‌ల సంగతి గుర్తొచ్చింది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం కంటే దాదాపు 30 శాతం తక్కువ. కార్బొరేటర్‌లో జెట్టు మారదు కనుక పెట్రోలు ఆ మేరకు తగ్గదు. కింద చక్కగా నడిచిన బండి పైకి పోయాక నల్లపొగ వదులుతూ లాగలేక మూలుగుతుంది. అంటే గాలి పలచబడితే మిశ్రమం చిక్కబడుతుంది. ఈ వాక్యాన్ని పిల్లల చేత వివరించమనండి. వివరించగలిగితే పాఠం వచ్చినట్టే. అందుకే ‘పలుచన’ అని ఒంటరిగా రాయకుండా ‘పలుచని మిశ్రమం’, ‘పలుచని గాలి’ అని ప్రతిసారీ పూర్తిగా రాయాలని నా కోరిక.

ప్రశ్న వేసిన అధ్యాపకుడు:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

“మిశ్రమం చిక్కబడితే ప్లగ్గు కొన మీద పొడి మసి పడుతుంది, సైలెన్సర్ నల్లపొగ వదులుతుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ మిస్సింగ్ పెరుగుతుంది. పలచబడితే ప్లగ్గు తెల్లబారుతుంది, ఇంజిన్ మామూలు కంటే ఎక్కువ కాగుతుంది, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే తడబడి ఆ తరువాత అందుకుంటుంది, వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు వినిపిస్తాయి. అనుమానం తీరకపోతే బండి నడుస్తుండగా చోక్ కొద్దిగా వేసి చూడండి. ఇంజిన్ తేరుకుంటే మిశ్రమం పలుచన, ఇంకా మొరాయిస్తే చిక్కన. ఏ వేగంలో తేడా వస్తోందో గమనించండి. స్లోలో అయితే స్లో జెట్టు, ఎయిర్ స్క్రూ. సగం యాక్సిలరేటర్‌లో అయితే కార్బొరేటర్ లోపలి సూది. పూర్తిగా తిప్పినప్పుడు అయితే మెయిన్ జెట్టు. సూది క్లిప్‌ను ఒక గాడి కిందికి వేస్తే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను నెమ్మదిగా చివరిదాకా బిగించి, సుమారు ఒకటిన్నర చుట్లు వదలండి. అక్కడినుంచి ఇటూ అటూ కొద్దికొద్దిగా తిప్పి, స్లో అన్నిటికంటే ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపండి. స్క్రూ బిగిస్తే చిక్కబడుతుంది, వదిలితే పలచబడుతుంది.”

ఆటోనగర్ సభ్యుడు:

చాలా బాగా రాశారు మాస్టారూ. చివరి వాక్యం ఒక్కటీ ఇలాగే ఉంచితే ప్రమాదం. పాత బుల్లెట్‌కు ఉండే మిక్‌కార్బ్ వీఎం24 కార్బొరేటర్‌కు అది నిజం. దాని స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, గాలిని ఆపుతుంది. తరువాత వచ్చిన క్లాసిక్ 350లో బీఎస్29 కార్బొరేటర్ ఉంది. దాని స్క్రూ ఇంజిన్ వైపు ఉండి పెట్రోలును ఆపుతుంది కాబట్టి, బిగిస్తే పలచబడుతుంది. రెండూ బుల్లెట్ కుటుంబమే కదా అని పిల్లలు ఒకేలా తిప్పేస్తారు. ‘ఫిల్టర్ వైపు స్క్రూ’, ‘ఇంజిన్ వైపు స్క్రూ’ అని విడివిడిగా రాయండి.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు:

ఇంకొక వాక్యం చేర్చండి మాస్టారూ. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంవల్ల ఒక పాలు మండడానికి సుమారు 9 పాళ్ల గాలి చాలు. అలా కలిపిన పెట్రోలుకు 14.7 బదులు సుమారు 13.5 సరిపోతుంది. పాత జెట్టు మాత్రం పాత లెక్కనే వదులుతుంది. కాబట్టి ఎవరూ ఏమీ తిప్పకపోయినా పాత బళ్లలో మిశ్రమం కొంత పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబారిందని వచ్చిన బండికి మీ విద్యార్థులు స్క్రూ కంటే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.