మడత చాకుల సేకరణ: ముందు ఏ ఐదు కొనాలి?

కోనసీమ_కుర్రోడు:
మడత చాకులు సేకరిద్దామనుకుంటున్నాను. బటన్ నొక్కితే తెరుచుకునేవి వద్దు, గోటితో తెరిచే పాతకాలం రకాలే కావాలి. ముందు ఏ ఐదు కొనమంటారు? మాది అమలాపురం పక్కన. వానాకాలం వస్తే ఇంట్లో కత్తిపీటకి కూడా తుప్పే.

పాత_ఇనుము:
రాసుకో తమ్ముడూ. మొదటిది ఒపినెల్ నంబర్ 8. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండ ప్రాంతంలో 1890లో పుట్టింది. బీచ్ చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు. మెడ దగ్గర తిరిగే రింగు 1955లో వచ్చింది, అది తిప్పి పెడితే బ్లేడు వేళ్ల మీదకి మూసుకోదు. రెండోది విక్టోరినాక్స్ వాళ్ల స్విస్ ఆఫీసర్ చాకు, 1897 నాటిది. మూడోది జపాన్ హిగోనోకామి. మడిచిన రేకే దాని పిడి, తాళం ఉండదు. వెనక చిన్న తోకలా ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంటేనే బ్లేడు నిలబడుతుంది. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది దీంతోనే.

నాలుగోది అమెరికా కేస్ ట్రాపర్, రెండు పొడుగు బ్లేడ్లు. కొనేముందు బ్లేడు మొదట్లో ముద్ర చూడు. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒకటి తగ్గించుకుంటూ వచ్చారు. చుక్కలు లెక్కపెడితే ఆ పదేళ్లలో ఏ ఏడాది సరుకో తెలిసిపోతుంది. ఐదోది ఫ్రాన్స్‌దే, లాయోల్ అనే ఊరి పేరుతో వచ్చే చాకు. ఆ పేరు ఏళ్ల తరబడి ఎవరు పడితే వాళ్లు వాడుకున్నారు గనక నాసిరకాలు కుప్పలు. అది చివర్లో, కన్ను కుదిరాక కొను.

గట్టు_మీద:
ఒపినెల్ మనవైపు పనికిరాదండీ. మాది నరసాపురం, ఉప్పుగాలి. చెక్క పిడి తేమకి ఉబ్బి బ్లేడుని కరిచి పట్టేసుకుంటుంది. పోయిన శ్రావణంలో నాది తెరుచుకోలేదు.

పాత_ఇనుము:
దానికి సవోయ్ వాళ్లే ఉపాయం కనిపెట్టారు. పిడి వెనక కొసని బల్లకేసి కొడితే బ్లేడు కాస్త పైకి లేస్తుంది, పట్టుకుని లాగడమే. కొన్నరోజే కీలు దగ్గర చెక్కకి నూనె పట్టించాలి. తుప్పు భయమైతే స్టెయిన్‌లెస్ బ్లేడుతో కూడా దొరుకుతుంది.

గట్టు_మీద:
కొట్టి తెరవాల్సిన చాకుకి మొదటి స్థానం ఎలా ఇస్తారండీ? మా బావ నాది పట్టుకెళ్లి చేపలు కోసి, కడక్కుండా మడిచి ఇచ్చాడు. బ్లేడంతా నల్లగా అయిపోయింది. ఇలా నల్లబడే కార్బన్ స్టీలు అన్న మాటే ఎత్తకండి.

పాత_ఇనుము:
అది మీ బావ తప్పు. చాకుది కాదు.

రావులపాలెం_అరటి:
రాంపురి ఎవరూ చెప్పలేదేంటి?

పాత_ఇనుము:
కుర్రాడు బటన్ రకం వద్దన్నాడు కదా. పైగా వంటకో వ్యవసాయానికో చేసినది కాకుండా 9 అంగుళాలు దాటిన బ్లేడు ఉంటే అది ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. అతన్ని ఇరికించకండి.

కడియం_అంట్లు:
పొద్దుట్నుంచీ చదువుతున్నాను. ఫ్రాన్సు, జపాన్, అమెరికా అన్నీ వచ్చాయి, గోదారి పక్కన ఉండి అంటు చాకు ఒక్కరికీ గుర్తు రాలేదు. కడియపులంకలో ఏ నర్సరీకైనా వెళ్లి చూడండి. మడత చాకంటే అదీ!

దాని బ్లేడుకి ఒకవైపే వాలు ఉంటుంది, రెండోవైపు అద్దంలా చదును. ఆ చదునువల్లే ఒక్క లాగుతో మామిడి పుల్ల మీద గాటు సమంగా పడుతుంది. టెంక మొక్క మీద కూడా అలాగే గాటు పెట్టి, బెరడు కింద పచ్చపొర పచ్చపొరకి తగిలేలా కూర్చి కడతారు. రెండువైపులా వాలున్న మామూలు చాకుతో కోస్తే గాటు గుంటపడుతుంది, మధ్యలో సందు మిగిలి పుల్ల ఎండిపోతుంది. కొన్నిటికి పిడి వెనక బెరడు లేపడానికి పలచని రేకు కూడా ఉంటుంది. జర్మనీలో టీనా వాళ్లు ఈ అంటు చాకులకే పేరుపడ్డారు. ఇది లేకుండా ఐదు చాకులంటే నేను ఒప్పుకోను.

పాత_ఇనుము:
అది పనిముట్టు. సానబట్టీ సానబట్టీ సగం బ్లేడు మాయమైపోతుంది. అలాంటిదానికి సేకరణలో విలువ ఉండదు.

కడియం_అంట్లు:
విలువ లేదంటారా? మరి పోయిన సంక్రాంతికి మా దగ్గర అంటు కట్టే పెద్దాయన చాకు ఎందుకు కొనుక్కుపోయారు? ఇక్కడే ఫోటో పెట్టి "పాత జర్మన్ సరుకు, చవగ్గా కొట్టేశాను" అని రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫోటోలో పిడి మీద ఆయన బొటనవేలు అరిగించిన గుంట చూసి గుర్తుపట్టాను.

పాత_ఇనుము:
ఆయన అమ్మాడు, నేను కొన్నాను. బలవంతం ఏమీ లేదు. నేను కొనకపోతే ఏదో ఒకరోజు పాత సామాన్లవాడి తక్కెట్లోకి వెళ్లేది. నా దగ్గర నూనె రాసి, గుడ్డ చుట్టి భద్రంగా ఉంది.

కడియం_అంట్లు:
తక్కెట్లోకి ఎందుకెళ్తుందండీ, రోజూ ఆయన జేబులో ఉండేది! పండక్కి మనవరాలికి బట్టలు కొనాల్సి వచ్చి మీరు అడిగిన ధరకి ఇచ్చేశాడు. ఇప్పుడు గడ్డం గీసుకునే బ్లేడుకి గుడ్డ చుట్టుకుని అంట్లు కడుతున్నాడు. అది వంగుతుంది, వేళ్లు కోసుకుపోతున్నాయి. కొత్త చాకు ఒకటి తెచ్చిచ్చి పాతది అడిగి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. కొనేటప్పుడు ఆయన చేతిలో దాని పని ఒక్కసారైనా చూశారా?

పాత_ఇనుము:
డబ్బిచ్చి కొన్నదానికి ఎవరికీ సంజాయిషీ చెప్పను. మీరు ఆయనకి అంత దగ్గరివాళ్లయితే కొత్తది మీరే కొనివ్వాల్సింది.

కడియం_అంట్లు:
ఆర్డరు పెట్టాను, ఇంకా రాలేదు. నేను అడిగేది అది కాదు. బతుకుతెరువు చాకుని లోకువగా కొని, దాన్నే పనిముట్టని పక్కకి నెట్టడం నాకు నచ్చలేదు.

గట్టు_మీద:
ఇదంతా సరేనండీ. పిడి ఉబ్బే సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.

లంక_పొలం:
గట్టు గారూ, విక్టోరినాక్స్‌లో అల్యూమినియం పిడివి ఉన్నాయి. ఉబ్బే గొడవ ఉండదు.

కోనసీమ_కుర్రోడు:
కడియం అన్నా, నాది ఎడమచేతి వాటం. అంటు చాకు కొంటే నాకు పనికొస్తుందా?

కడియం_అంట్లు:
ఎడమచేతివాళ్లకి వేరేగా చేస్తారు తమ్ముడూ, చదును రెండోవైపు ఉంటుంది. కుడిచేతిది కొన్నావంటే గాటు సరిగ్గా పడదు, ముందే అడిగి తీసుకో. కొన్నాక ఓ ఆదివారం నర్సరీకి రా. పెద్దాయన దగ్గర కూర్చోబెడతాను.