కూలిపోయి మళ్ళీ కట్టిన రోథెన్‌బర్గ్‌ను పాత ఊరు అనవచ్చా?

బాటసారి:
జర్మనీలోని రోథెన్‌బర్గ్‌కు వెళ్ళాలనుకుంటున్నాం. 1945 మార్చి 31న పడిన బాంబులకు పాత ఊరిలో దాదాపు 40 శాతం నాశనమైందని చదివాను. ఆ తర్వాత కట్టినదాన్ని మధ్యయుగపు ఊరంటూ చూపించడం మభ్యపెట్టడం కాదా? సెయింట్ యాకోబు అనే ఒక్క చర్చి కోసం అంత దూరం వెళ్ళాలా?

వేపచెట్టు:
మభ్యపెట్టడం అన్న మాట ఆ ఊరికి అన్యాయం చేస్తుంది. నేను రెండుసార్లు వెళ్ళాను. కప్పు వేసిన ప్రాకారం మీద నడుస్తుంటే గోడలో రాతి పలకలు కనిపిస్తాయి. ఒక్కో పలక మీద ఒక పేరు, అందులో జపానువాళ్ళవీ ఉన్నాయి. గోడను నిలబెట్టడానికి విరాళమిచ్చినవాళ్ళు వాళ్ళు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కినట్టే. ఇంత బాహాటంగా చెప్పుకొన్నాక దాచిందేముంది? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం ముంపు నుంచి తప్పించి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. దాన్ని కొత్త గుడి అంటామా?

ఏటిగట్టు:
అలంపురం పోలిక కుదరదండీ. అక్కడున్నవి అవే రాళ్ళు. రోథెన్‌బర్గ్‌లో కాలిన దూలాలు తిరిగి రాలేదు. ప్రాకారం మీద పలకలున్నాయి సరే, ఇళ్ళ సంగతేమిటి? ఏది 15వ శతాబ్దిదో, ఏది యుద్ధం తర్వాతదో వీధిలో నడిచేవారికి ఎవరు చెబుతారు? కట్టడం తప్పనను. చెప్పకపోవడమే తప్పంటాను.

వేపచెట్టు:
నిజమే, ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇళ్ళూ కొంత చెబుతాయి. పాత వీధుల తీరు, కప్పుల వాలు ఉంచి, గోడలను సాదాగా కట్టారు. తూర్పు నుంచి పడమరకు నిదానంగా నడిస్తే తేడా కంటికి ఆనుతుంది.

ఇక ఆ “ఒక్క చర్చి” సంగతి. సెయింట్ యాకోబు చర్చిని 1311లో మొదలుపెట్టారు, 1485లో ప్రతిష్ఠ జరిగింది. ఎక్కువ నష్టం ఊరి తూర్పు భాగానికి కావడంతో ఇది నిలిచింది. లోపల పడమటి మెట్లెక్కండి. మేం మొదటిసారి ఎక్కకుండానే బయటికి రాబోయాం. పైన జర్మన్ శిల్పి రీమెన్‌ష్నైడర్ 1500–1505 మధ్య లిండెన్ కలపలో చెక్కిన కడరాత్రి భోజనం ఉంది. రంగులు వేయలేదు. నట్టనడుమ నిలబడింది క్రీస్తు కాదు, డబ్బు సంచి పట్టుకున్న యూదా, ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు. క్రీస్తు పక్కనుంచి అతనికి రొట్టె ముక్క అందిస్తున్నాడు. వెనుక చిన్న కిటికీల వెలుగు ఆ చేతుల మీద కదులుతూ ఉంటుంది. అరగంట అక్కడే నిలబడిపోయాం.

బాటసారి:
పడమటి మెట్లు అని రాసి పెట్టుకున్నాను. అయినా ఏటిగట్టు గారి ప్రశ్న నాకింకా తీరలేదు. ఏ ఇల్లు ఎప్పటిదో అక్కడివాళ్ళనే అడిగి, వచ్చాక ఇక్కడే రాస్తాను.